షాపు కంప్యూటర్‌ని ఇంటి నుంచి చూసుకుంటే హ్యాక్ అవుతుందా?

షాపులో ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఉంది, ఇంటి నుంచి చూసుకోవడానికి ఎనీడెస్క్ లాంటిది, అంటే దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, పెట్టుకుంటే ప్రమాదమా అని అడిగారు. కొంత ప్రమాదమే. కానీ నన్నడిగితే సాఫ్ట్‌వేర్ కన్నా దాన్ని పెట్టిపోయే మనిషికి ఎక్కువ భయపడాలి.

నేను మిర్యాలగూడలో రైస్ మిల్లులకు అకౌంట్స్ రాస్తాను. ఒక యాసంగి సీజన్‌లో, వడ్ల లారీలు గేటు దాటి రోడ్డు మీదికి నిలబడ్డ టైంలో, ఒక మిల్లు నుంచి ఫోన్. "సార్, ట్యాలీ తెరుచుకుంటలేదు." వెళ్లి చూస్తే డి డ్రైవ్‌లో ప్రతి ఫైలు పేరు చివర ఏవో పిచ్చి అక్షరాలు. డెస్క్‌టాప్ మీద ఒక నోట్‌ప్యాడ్ ఫైలు, బిట్‌కాయిన్ పంపితే ఫైళ్లు తిరిగిస్తామని. కాంటా దగ్గర డ్రైవర్లు తిడుతున్నారు. ఓనరేమో హైదరాబాద్‌లో ఏదో పెళ్లిలో ఉండి ఊకె ఫోన్ చేస్తున్నాడు.

కంప్యూటర్‌లో ఏం జరిగిందో విండోస్ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. సెక్యూరిటీ లాగ్ నిండా 4625లే, అంటే లాగిన్ ఫెయిల్. అడ్మిన్, యూజర్, ట్యాలీ అని పేర్లు మార్చి మార్చి రాత్రంతా ప్రయత్నించారు. తెల్లవారుజామున ఒక 4624, లోపలికి వచ్చేశారు. పాస్‌వర్డ్ ఏమిటయ్యా అంటే మిల్లు పేరు, పక్కన 123!

జరిగిందేమిటంటే, ఓనర్ ఫోన్‌లో స్టాక్ చూసుకోవాలన్నాడని సర్వీస్ చేసే అబ్బాయి రూటర్‌లో 3389 పోర్టు, అంటే ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే ఒక దారి, నేరుగా బయటికి తెరిచిపెట్టాడు. దూరం నుంచి కంప్యూటర్ నడిపే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ నడిచేది దాని మీదే. అది ఎక్కడెక్కడ తెరిచి ఉందో వెతికే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి, వాటికి ఊరితో పనిలేదు. పైగా అది విండోస్ 7. 2019 మేలో బ్లూకీప్ అనే లోపం బయటపడింది, దానికైతే పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. ఎప్పుడో వదిలేసిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చిందంటే వాళ్లకెంత టెన్షన్ పట్టుకుందో చూడండి. మన దగ్గర మాత్రం సిస్టం స్లో అవుతుందని అప్‌డేట్లు ఆపేస్తారు. దొంగ విండోస్ వేసి ఒరిజినల్ అని డబ్బులు తీసుకునేవాళ్ల సంగతి చెప్తే ఇంకో పేజీ అవుతుంది.

ఆ మిల్లుని కాపాడింది గుమస్తా. కంప్యూటర్ మీద నమ్మకం లేని మనిషి, బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి పట్టుకుపోయేవాడు. ఆ బ్యాకప్ తర్వాతి లెక్కలు కాంటా చీటీలు చూసి మళ్లీ ఎక్కించాం.

ఎనీడెస్క్ విషయానికొస్తే, తమ సిస్టమ్స్‌లోకి ఎవరో చొరబడ్డారని 2024 ఫిబ్రవరిలో వాళ్లే చెప్పారు, సర్టిఫికెట్లు మార్చారు. అదే నెలలో అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ స్క్రీన్‌కనెక్ట్‌లో లాగిన్ లేకుండానే లోపలికి పోయే లోపం బయటపడింది. కంపెనీలు సరిచేస్తాయి, మన దగ్గర పాత వెర్షన్ అట్లనే పడి ఉంటే ఏం లాభం? అయినా 3389 తెరిచిపెట్టడం కన్నా ఎనీడెస్క్ వెయ్యి రెట్లు నయం. టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కి వచ్చే కోడ్ లాంటి రెండో తాళం) పెట్టండి, పాస్‌వర్డ్ మీరే మార్చుకోండి, సర్వీస్ అబ్బాయికి కూడా చెప్పొద్దు. బ్యాంకు నుంచి అని ఫోన్ చేసి ఎనీడెస్క్ నంబర్ అడిగితే ఫోన్ పెట్టేయండి, దీని మీద రిజర్వ్ బ్యాంక్ 2019లోనే హెచ్చరించింది.

మీది ఇంకా విండోస్ 7 అయితే ఇవేవీ వద్దు. సాయంత్రం గుమస్తాతో లెక్క ఫొటో తీయించి వాట్సాప్‌లో తెప్పించుకోండి, మా దగ్గర చాలామంది సేట్లు చేసేది అదే.