ముఫాసా గొంతు వెనక మనిషి

ప్రశ్న: సార్, 2019లో వచ్చిన లయన్ కింగ్ అప్పట్లో తెలుగులో చూశాం. మొన్న మా అబ్బాయి ఇంగ్లీషులో పెడితే సింబా తండ్రి సింహం ముఫాసా గొంతు విని అలా ఉండిపోయానండి. జేమ్స్ ఎర్ల్ జోన్స్ అట. ఆయన డబ్బింగ్ ఆర్టిస్టేనా, వేషాలు కూడా వేశారా?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, ఆయన్ని డబ్బింగ్ ఆర్టిస్ట్ అంటే నాకు మనసు ఒప్పదు, ఆయన ముందు స్టేజీ మనిషి, మిగతావన్నీ ఆ తర్వాతే. మీరు అలా అనుకోవడంలో తప్పేం లేదులెండి, స్టార్ వార్స్ సినిమాల్లో విలన్ డార్త్ వేడర్‌కి కూడా ఆయన గొంతే, ఆ నల్ల డ్రెస్సులో నడిచింది వేరే నటుడు, పైగా మొదటి రెండు సినిమాల్లో టైటిల్స్‌లో తన పేరు వెయ్యొద్దని ఈయనే చెప్పారు.

కానీ ఆ గొంతు అసలు బయటికే రాని రోజులున్నాయి. 1931లో మిసిసిపీలో పుట్టారు, అమ్మమ్మ తాతయ్యల దగ్గర మిషిగన్‌లో పెరిగారు, అక్కడే నత్తి పట్టుకుని ఏళ్ళ తరబడి బడిలో దాదాపు నోరే విప్పలేదు. హైస్కూల్లో డొనాల్డ్ క్రౌచ్ అనే మాస్టారు, ఈ కుర్రాడు కవితలు రాస్తాడని తెలిసి, ఇది నిజంగా నువ్వే రాస్తే కాయితం చూడకుండా క్లాసులో చెప్పు అన్నారు. తడబడకుండా చెప్పేశారు! నత్తి ఉన్న పిల్లల్ని వెక్కిరించే ప్రతి ఒక్కరికీ ఈ సంగతి చెప్పాలండి.

1968లో బ్రాడ్వేలో, అంటే న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే చోట, ‘ది గ్రేట్ వైట్ హోప్’ నాటకంలో నల్లజాతి బాక్సర్‌గా చేసి, నాటకాలకిచ్చే టోనీ అవార్డు కొట్టారు, 1970లో అదే సినిమాగా వస్తే ఆస్కార్ నామినేషన్ వచ్చింది. నాకు మాత్రం 1987 నాటి ‘ఫెన్సెస్’ నాటకంలో పాత్రే గొప్పది అనిపిస్తుంది, ఒకప్పుడు మంచి బేస్‌బాల్ ఆటగాడు, నల్లవాడని పెద్ద లీగుల్లోకి రానివ్వకపోతే చివరికి చెత్త బండి మీద పనిచేస్తూ ఆ బాధంతా కన్నకొడుకు మీద చూపించే తండ్రి, దానికి రెండో టోనీ. 2016లో డెంజెల్ వాషింగ్టన్ దీన్ని సినిమాగా తీశారు, దొరికితే చూడండి. జోన్స్ గారినే చూడాలంటే 1989 ‘ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్’ చూడండి.

84 ఏళ్ళప్పుడు కూడా, 2015లో, బ్రాడ్వే స్టేజీ ఎక్కారు. 2024 సెప్టెంబర్‌లో 93వ ఏట పోయారు. అంతకు రెండేళ్ళ ముందు న్యూయార్క్‌లో ‘కోర్ట్’ అనే బ్రాడ్వే నాటకశాలకి ఆయన పేరు పెట్టారు, 1958లో ఒక చిన్న నౌకరు వేషం వేసింది ఆ స్టేజీ మీదేనమ్మా.