నెలసరి ఆగాక మళ్లీ మరక కనిపిస్తే.. ముందు పరీక్ష, తర్వాతే మాత్రలు

ప్రశ్న: నా వయసు 53. నెలసరి ఆగి ఏడాదిన్నర దాటింది. ఒళ్లంతా ఒక్కసారిగా ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు, నిద్ర ఉండదు. మా వదినకు గర్భసంచి తీసేశాక డాక్టరు ఈస్ట్రోజన్ మాత్రలు రాశారు. అవే తెచ్చుకుని 4 నెలలుగా వేసుకుంటున్నాను. ఆవిర్లు బాగా తగ్గాయి. ఇంకెన్నాళ్లు వాడొచ్చు? సగం మాత్రకు తగ్గించుకోనా? సోయా తీసుకుంటే ఇవి మానేయొచ్చా? కిందటి నెల రెండు రోజులు కొద్దిగా ఎర్రగా కనిపించి, దానంతటదే ఆగిపోయింది.
- ఒక సోదరి

జవాబు: అసలు విషయం చివర్లో రాశారమ్మా. నెలసరి ఆగి 12 నెలలు దాటాక కనిపించే ఎరుపు, అది గులాబీ రంగు మరకైనా సరే, నెలసరి కిందకు రాదు. కారణం తేల్చాల్సిందే. చాలామందిలో యోనిపొర పలచబడటమో, చిన్న పాలిప్ (లోపలి పొర మీద పెరిగే కండ) ఉండటమో బయటపడుతుంది. కానీ గర్భసంచి లోపలి పొరకు వచ్చే క్యాన్సర్ కూడా నొప్పేమీ లేకుండా ఇలాగే మొదలవుతుంది. తొలిదశలో దొరికితే నయమయ్యే అవకాశాలు బాగా ఎక్కువ. ఆగిపోయింది కదా అని నెల రోజులు ఊరుకున్నారు, ఇక ఊరుకోవద్దు.

మీ వదినకు గర్భసంచి లేదు కాబట్టి ఈస్ట్రోజన్ ఒక్కటే సరిపోయింది. మీకు ఆపరేషన్ అయినట్టు రాయలేదు, గర్భసంచి ఉందనే అనుకుంటున్నాను. ఈస్ట్రోజన్ ఆ లోపలి పొరను పెంచుతూ పోతుంది. దాన్ని అదుపులో పెట్టేది ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోన్. అది లేకుండా నెలల తరబడి వాడితే పొర మందమై, కణాల్లో మార్పులు వచ్చి, కొందరిలో క్యాన్సర్ దాకా పోవచ్చు. సగం మాత్ర వేసుకున్నా ప్రొజెస్టిరాన్ లోటు తీరదు. ఒకరి చీటీ మీద ఇంకొకరు హార్మోన్లు వాడటంలో చిక్కే ఇది: మాత్ర మంచిదే, ఒళ్లు వేరు. రొమ్ము క్యాన్సర్, కాళ్లలో రక్తం గడ్డలు, పక్షవాతం, కాలేయ జబ్బు ఉన్నవారికి సాధారణంగా ఈ మాత్రలు ఇవ్వం. ఇవన్నీ మిమ్మల్ని ఎవరు అడిగారు?

మాత్రలు ఇప్పటికి ఆపేయండి. ఆవిర్లు మళ్లీ రావచ్చు, కొన్నాళ్లు ఓర్చుకోండి. ఎరుపు మళ్లీ కనిపిస్తే ఆపడానికని దుకాణంలో నోరెథిస్టిరాన్ (ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోన్ మాత్ర) కొనుక్కోవద్దు. పరీక్షకు ముందు అది వాడితే ఫలితం తికమకగా వస్తుంది.

ఒకటి రెండు వారాల్లోపే గైనకాలజిస్టును కలవండి. ముందు లోపల పరీక్ష చేస్తారు, తర్వాత ట్రాన్స్‌వజైనల్ స్కాన్ (యోనిలోంచి చేసే అల్ట్రాసౌండ్) తీస్తారు. పొర మందం 4 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ ఉంటే సాధారణంగా ఊరట. ఎక్కువుంటే సన్నని గొట్టంతో పొరలోంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. మత్తు లేకుండానే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, నెలసరి నొప్పిలాంటి నొప్పి కాసేపు ఉంటుంది. మీరు ఈస్ట్రోజన్ వాడారు కాబట్టి మందం అంకె ఒక్కటే చూసి వదిలేయకపోవచ్చు. స్కాన్ బాగున్నా ఎరుపు మళ్లీ వస్తే మళ్లీ వెళ్లాలి.

ఇవి తేలాకే ఆవిర్ల మాట. రిపోర్టులు బాగుండి, బీపీ, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చూశాక, 60 ఏళ్లలోపు, నెలసరి ఆగి పదేళ్లు దాటని చాలామందికి హార్మోన్ చికిత్స ఇవ్వొచ్చు. గర్భసంచి ఉంటే ప్రొజెస్టిరాన్‌తో కలిపే. చర్మం మీద రాసే జెల్, అతికించే ప్యాచ్‌లతో రక్తం గడ్డల ముప్పు మాత్రలకంటే తక్కువ. ఎన్నాళ్లన్నది ఏడాదికోసారి చూసి నిర్ణయిస్తారు. హార్మోన్లు వద్దనుకుంటే వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ లాంటి హార్మోన్ కాని మందులు ఉన్నాయి, అవీ డాక్టరు రాస్తేనే. థైరాయిడ్ ఎక్కువైనా చెమటలు పడతాయి, టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష ఒకసారి చేయించుకోండి.

సోయా ఆహారంగా తినొచ్చు. కొందరికి కాస్త ఉపశమనం, కొందరికి ఏమీ ఉండదు. సోయా సారంతో చేసే క్యాప్సూళ్లను మాత్రం ఈ స్థితిలో ముట్టుకోకండి.

గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం పోయినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. మామూలుగా వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. మొదలుపెట్టిన తేదీ, మరక కనిపించిన తేదీలు ఓ కాగితం మీద రాసుకోండి. షుగరు, బీపీ, రక్తం పలచబరిచే మందులు, టామాక్సిఫెన్ (రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే మందు) వాడుతుంటే అదీ చెప్పండి. ఉత్తరం చూసి ఇంతవరకే చెప్పగలను, పరీక్షించిన డాక్టరు మాటే ఖాయం.