ఐదు కామాల గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పేజీలన్నీ చదివానమ్మా. ఇంగ్లీషు కథను జర్మన్‌లోకి తేవాలన్న పట్టుదల నచ్చింది. కానీ చివర జతచేసిన పదాల పట్టిక నన్ను రెండు రోజులుగా వదలడం లేదు. అందులో ఇంగ్లీషు ‘పుట్’ (పెట్టు) అనే మాటకు ఎదురుగా ష్టెల్లెన్, లేగెన్, జెట్సెన్, ష్టెకెన్, హెంగెన్, టూన్ అని రాశావు. ఆరు క్రియలు, మధ్యలో ఐదు కామాలు. అన్నీ ఒకటే, చేతికి ఏది అందితే అది వాడుకోవచ్చు అన్నట్టున్నాయి ఆ కామాలు. మూడో పేజీలో నువ్వు చేసింది కూడా అదే. నిద్రపోతున్న పిల్లాణ్ణి తల్లి మంచం మీదికి చేర్చే చోట ‘జీ ష్టెల్టె దాస్ కింట్ ఇన్స్ బెట్’ అన్నావు. అంటే ఆ తల్లి పిల్లాణ్ణి మంచం మీద నిలబెట్టింది. కథ మొత్తంలో నీకు అన్నిటికంటే ఇష్టమైన వాక్యం అదేనని ఉత్తరంలో చెప్పుకున్నావు. అందుకే నాకు మరింత బాధ కలిగింది.

జర్మన్‌లో వస్తువును ఎక్కడ పెట్టారో చెబితే సరిపోదు. పెట్టాక అది ఎలా ఉందో కూడా క్రియే చెప్పాలి. నిటారుగా ఉంటే ష్టెల్లెన్, పడుకుని ఉంటే లేగెన్, కూర్చున్నట్టుంటే జెట్సెన్, దేంట్లోకో దూర్చితే ష్టెకెన్, వేలాడదీస్తే హెంగెన్. మన నిలబెట్టు, పడుకోబెట్టు, కూర్చోబెట్టు గుర్తు తెచ్చుకో. లీగెన్ అంటే పడుకుని ఉండటం, దాన్ని చేయిస్తే లేగెన్. జిట్సెన్ అంటే కూర్చుని ఉండటం, చేయిస్తే జెట్సెన్. మనం ఈ తేడాను ఎక్కువగా మనుషుల దగ్గరే పాటిస్తాం. జర్మన్లు గ్లాసు దగ్గర, పుస్తకం దగ్గర, చెప్పుల దగ్గర కూడా పాటిస్తారు. ఇంగ్లీషులోనూ లే, సెట్ అనే పాత చుట్టాలు ఉన్నాయి గానీ, రోజువారీ చాకిరీ అంతా పుట్ నెత్తిన పడింది.

ఒక ప్లేటు తీసుకో. చదునుగా ఉంది కాబట్టి పడుకుందని అనుకుంటాం. కాదు. దానికి అడుగు ఉంది. ఆ అడుగు మీద ఆనించి బల్ల మీద పెడితే అది నిలబడినట్టే, కాబట్టి ష్టెల్లెన్. పక్కనే పెట్టే ఫోర్కుకు నిలబడే అడుగు లేదు, దానికి లేగెన్. పుస్తకాన్ని అలమారలో నిలువుగా పెడితే ష్టెల్లెన్, అదే పుస్తకాన్ని బల్ల మీద వెల్లకిలా పెడితే లేగెన్. ఉత్తరం బల్ల మీదైతే లేగెన్, కవర్లోకైతే ష్టెకెన్. కాఫీలో చక్కెర వేసేటప్పుడు భంగిమతో పని లేదు, అక్కడ టూన్ చాలు. ఇన్ని రకాల చూపులను ఐదు కామాలు ఎలా మోస్తాయి చెప్పు?

నా మొదటి పెద్ద పని ఒక నేరకథ. హతుడి గదిలోకి ఎవరో వచ్చి బల్ల మీద సీసా పెట్టి వెళ్తారు. నేను లేగెన్ వాడాను. ప్రూఫులు దిద్దిన జర్మన్ ఆవిడ మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒకే ప్రశ్న రాసింది: ‘సీసా ఎందుకు పడుకుంది?’ ఆ కథలో సీసా నిలబడి ఉండటమే కీలకం. హంతకుడు తీరిగ్గా కూర్చుని తాగి వెళ్ళాడనడానికి అదే ఆధారం. ఒక్క క్రియతో ఆధారాన్ని చెడగొట్టాను. ఆ రాత్రి ఇంట్లో ఉన్న వస్తువులన్నీ ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతూ, పెట్టిన ప్రతిసారీ క్రియను పైకి అంటూ కూర్చున్నాను. అప్పటి నుంచి నాది ఒకటే పట్టు. ముందు వస్తువును చూడాలి, ఆ తర్వాతే క్రియ దగ్గరికి వెళ్ళాలి. నిఘంటువు తెరవడం మూడో పని.

నిఘంటువంటే నాకు కోపమేమీ లేదు. కోపమంతా వాక్యాలు లేని నిఘంటువుల మీదే. ఒకప్పుడు ఒక చిన్న ద్విభాషా నిఘంటువుకు పనిచేశాను. పుట్ ఒక్కదానికే నలభై ఉదాహరణ వాక్యాలు రాసి ఇచ్చాను. సంపాదకుడు చోటు లేదని వాక్యాలన్నీ కొట్టేసి, క్రియలను కామాలతో కలిపి రెండు వరుసల్లో ముగించాడు. అడిగితే ‘చదివేవాళ్ళకు అర్థం కావాలి, అంతే’ అన్నాడు. ఇన్నేళ్ళయినా ఆ మాట నన్ను గుచ్చుతూనే ఉంది. ఇప్పుడు మాటలు నేర్చుకోవడానికి ఫోన్లో తిప్పే కార్డులూ అవే, ఈ వైపు ఒక మాట, ఆ వైపు ఒక మాట. నీ పట్టిక కూడా అక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం.

గ్రిమ్ సోదరుల జర్మన్ నిఘంటువు మొదటి సంపుటం 1854లో వచ్చింది. పూర్తయ్యేసరికి 1961. యాకోబ్ గ్రిమ్ 1863లో చనిపోయేనాటికి పని ఎఫ్ అక్షరంలో ‘ఫ్రుఖ్ట్’ (పండు) అనే మాట దాకానే నడిచింది. అంత కాలం పట్టడానికి ఒక కారణం, మాట వెంట దాన్ని వాడిన వాక్యాలను కూడా పోగుచేయడమే. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు చూడు. 1989 ముద్రణలో అన్నిటికంటే పొడుగైన పద్దు ‘సెట్’. తర్వాతి సవరణల్లో ఆ స్థానం మేక్‌కి, పుట్‌కి, 2011లో రన్‌కి వెళ్ళింది. మూడు నాలుగు అక్షరాల మాటలు ఇవన్నీ! చిన్న మాటే ఎక్కువ చోట్ల తిరుగుతుంది.

పుట్ తన వెంట చిన్న ముక్కను తెచ్చుకున్నప్పుడు వస్తువు కూడా పక్కకు తప్పుకుంటుంది. పుట్ ఆఫ్ అంటే వాయిదా, ఫెర్‌షీబెన్. నిప్పు పుట్ అవుట్ చేస్తే లోషెన్. పుట్ ఆన్ అయితే మళ్ళీ దేన్ని అని అడగాలి. చొక్కాకి ఆన్‌త్సీయెన్, టోపీకి, కళ్ళద్దాలకి ఔఫ్‌జెట్సెన్, టైకి ఉమ్‌బిండెన్, ఉంగరానికి ఆన్‌ష్టెకెన్. నీ కథలో పెళ్ళికొడుకు అన్నిటినీ ఆన్‌త్సీయెన్ చేసుకున్నాడు, టోపీతో సహా.

విభక్తుల గురించి టెన్షన్ పడుతున్నానన్నావు. ఇక్కడ మాత్రం దారి సులువు. పెట్టేటప్పుడు ‘ఔఫ్ డేన్ టిష్’ (బల్ల మీదికి), పెట్టాక ఉన్నప్పుడు ‘ఔఫ్ డేమ్ టిష్’ (బల్ల మీద). పెట్టే క్రియలు భూతకాలంలో బుద్ధిగా నడుస్తాయి: లేక్టె, ష్టెల్టె, జెట్స్టె. ఉండే క్రియలే రూపం మార్చుకుంటాయి: లాగ్ (పడుకుని ఉంది), ష్టాంట్ (నిలబడి ఉంది), జాస్ (కూర్చుని ఉంది). రెండు వరుసలూ ఎదురెదురుగా పెట్టుకుని, నీ గదిలో వస్తువులతోనే వాక్యాలు చెయ్యి.

ఆ పట్టిక చింపెయ్యి. మూడో పేజీ మళ్ళీ రాయి. ‘లేక్టె’ అంటే తల్లి పిల్లాణ్ణి చేతుల్లోంచి మెల్లగా దించి పడుకోబెట్టింది. ‘బ్రాఖ్టె ఇన్స్ బెట్’ అంటే రోజూలాగే నిద్రకు తీసుకెళ్ళింది. రెండూ తప్పు కాదు. నీ కథలో తల్లి ఆ రాత్రి ఊరు విడిచి వెళ్ళబోతోంది. ఆ చేతులు ఎలా కదిలాయో నువ్వే చూసి, ఏదో ఒకటి తేల్చి పంపు. అప్పటిదాకా ఆ పిల్లాడు మంచం మీద నిలబడే ఉంటాడు.