సానాతో హాయిగా ఉంది, రోజూ వెళ్లొచ్చా?

ప్రశ్న: నా వయసు 46. ఏడాదిగా నడుము, భుజాల నొప్పి. పొద్దున లేచేసరికి ఒళ్లంతా బిగుసుకుపోయి ఉంటోంది. రోజూ డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. డిప్రెషన్‌కు ఇచ్చిన మాత్రలు పడక రెండు నెలల కిందట మానేశాను. ఈమధ్య జిమ్‌లో సానాకు (చెమట పట్టేలా కూర్చునే వేడి గదికి) వెళ్లిన రోజు నొప్పి తగ్గి, మనసు తేలికపడుతోంది. రోజూ వెళ్లొచ్చా? మామూలు సానా మంచిదా, ఇన్‌ఫ్రారెడ్‌దా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగింది సానా గురించి. నాకు భయం వేసింది మాత్రం మీ మాత్రల జాబితా చూసి. టెల్మిసార్టాన్, మూత్రం ఎక్కువ పోయేలా చేసే హైడ్రోక్లోరోథయజైడ్, వాటికి తోడు డైక్లోఫెనాక్. ఈ మూడూ కలిస్తే కిడ్నీలకు ప్రమాదం. ఒకటి ఒంట్లో నీటిని తగ్గిస్తుంది, మిగతా రెండూ కిడ్నీలో వడపోతకు కావలసిన రక్తపు ఒత్తిడిని తగ్గిస్తాయి. దానికి తోడు సానాలో ఒక్కసారి కూర్చుంటే సుమారు అర లీటరు చెమట పోతుంది. కిడ్నీ దెబ్బతింటున్నా మొదట్లో మనకేమీ తెలియదు. ఈ వారంలోనే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, పొటాషియం రక్తపరీక్షలు, మూత్ర పరీక్ష చేయించుకోండి. డైక్లోఫెనాక్ ఆపేసి, నొప్పికి దాని బదులు ఏం వాడాలో డాక్టర్‌ను అడగండి. బీపీ మాత్రను మాత్రం సొంతంగా ఆపొద్దు.

ఏడాదిపాటు రోజూ నొప్పి మాత్రా! షాపులో అడగగానే ఇస్తారు కాబట్టి అది చిన్న మందు అనుకుంటారు చాలామంది. బీపీ పెరిగినా, కడుపులో పుండు పడి రక్తం పోతున్నా దానివల్లేనని అనుకోరు. పైగా అది నొప్పిని కప్పిపెడుతుంది. పొద్దుటి బిగుతు అరగంటకు మించి ఉండి, కాస్త తిరిగాక సడలుతోందా? అలా అయితే అది కీళ్లవాతానికి సంబంధించినది కావచ్చు. పరీక్ష చేయకుండా చెప్పలేను. థైరాయిడ్ తగ్గినా ఒళ్లునొప్పులు, దిగులు రెండూ వస్తాయి కనుక అదీ చూడాలి. జ్వరం, బరువు తగ్గడం, కాళ్లలో బలహీనత, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, మూత్రం పట్టు తప్పడం లాంటివి ఉంటే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.

ఇక మీరు మానేసిన మాత్రలు. పడకపోతే డోసు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు ఉండవచ్చు, దిగులు తిరగబెట్టవచ్చు. అమ్మా, ఆ డాక్టర్‌కు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. నొప్పిని అణచడంలోనూ, మనసును కుదుటపరచడంలోనూ మెదడులో కొన్ని రసాయనాలు ఉమ్మడిగా పనిచేస్తాయి. అందుకే డిప్రెషన్‌కు వాడే డులోక్సెటీన్ లాంటి మందు కొందరికి రెండింటికీ పనికొస్తుంది. మీకు సరిపడుతుందో లేదో, బీపీని కూడా చూసి, సైకియాట్రిస్ట్ చెప్పాలి.

సానాతో మీకు కలిగిన హాయి ఉత్త భ్రమ కాదు. వేడికి కండరాలు సడలుతాయి, రక్తనాళాలు వెడల్పవుతాయి. డిప్రెషన్ ఉన్నవారి శరీరాన్ని ఒక్కసారి 38.5 డిగ్రీల దాకా వేడెక్కిస్తే దిగులు తగ్గి, ఆ మేలు కొన్ని వారాలు నిలిచిందని 2016లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం తెలిపింది. కానీ అందులో పాల్గొన్నది 30 మంది చిల్లర, అదీ వైద్యుల పర్యవేక్షణలో. దాన్ని పట్టుకుని మందుల బదులు సానా చాలనడం సరికాదు.

రిపోర్టులు వచ్చేదాకా సానా ఆపండి. అవి బాగుండి, మీ డాక్టర్ సరేనంటే వారానికి రెండుసార్లు, పది నిమిషాలతో మొదలుపెట్టండి. మామూలు సానాలో వేడి 80 డిగ్రీలు దాటుతుంది. కిరణాలతో ఒంటిని నేరుగా వేడెక్కించే ఇన్‌ఫ్రారెడ్‌లో 50-60 డిగ్రీలే కాబట్టి తట్టుకోవడం తేలిక. నొప్పికి ఇది మేలా, అది మేలా అని తేల్చేంత ఆధారం లేదు. ముందూ తర్వాతా నీళ్లు తాగండి. లేచేటప్పుడు ఒక్కసారిగా లేవకండి, బీపీ పడిపోయి కళ్లు తిరగవచ్చు. మద్యం తాగి అసలు వెళ్లొద్దు. గుండెదడ, ఛాతీలో పట్టేసినట్టు ఉంటే వెంటనే బయటికి వచ్చి సాయం అడగండి.

బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఇంట్లోవాళ్లకు చెప్పి, వాళ్లను వెంటబెట్టుకుని ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లండి. అలాంటిదేమీ లేకపోతే ఈ వారం డాక్టర్ దగ్గరికి వాడుతున్న మాత్రల షీట్లు, మానేసిన మాత్రల చీటీ కూడా తీసుకెళ్లండి.