నీలం ఎందుకు ఎక్కువ పెరిగిందో చెప్పు

చిరంజీవికి,

క్వేజార్ల మీద, అంటే ఎంతో దూరాన విపరీతంగా వెలిగే గెలాక్సీ కేంద్రాల మీద, నువ్వు పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. భాష సాఫీగా ఉంది, ఎక్కడా బిగుసుకోలేదు. కానీ "మధ్యలో ఉన్న నక్షత్రం నీలి కాంతిని ఎక్కువగా వంచుతుంది, అందుకే క్వేజార్ రంగు మారుతుంది" అన్నావు చూడు, ఆ వాక్యం కొట్టెయ్. మిగతావన్నీ సర్దుకోవచ్చు, అది మాత్రం ఉండకూడదు.

అడ్డొచ్చిన నక్షత్రమో గెలాక్సీయో తన గురుత్వంతో వెనకున్న క్వేజార్ కాంతిని లెన్స్‌లా వంచుతుంది, ఒకే క్వేజార్‌ను పలు బింబాలుగా కూడా చూపిస్తుంది, అది నిజమే. కానీ గురుత్వానికి రంగుతో పని లేదు. ఒకే దారిలో వచ్చే నీలి కాంతీ ఎర్ర కాంతీ ఒకే కోణంలో వంగుతాయి. రంగును బట్టి వంపు మారేది గాజులో. నువ్వు భూతద్దంతో పోల్చావు కదా, పొరపాటు అక్కడి నుంచే దూరింది. పోలిక వాడినప్పుడు అది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో చూసుకోవాలి.

మరి రంగు ఎందుకు మారుతుంది? ముందు పాఠకుడి చేత ఈ ప్రశ్న అడిగించు, జవాబుకు తొందరపడకు. జవాబు లెన్స్‌లో లేదు, వెనకున్న క్వేజార్‌లో ఉంది. అక్కడ ఒక భారీ కృష్ణబిలం చుట్టూ వాయువు డిస్క్‌లా తిరుగుతూ ఉంటుంది. లోపలి అంచు దగ్గర వేడి విపరీతం, నీలి కాంతి ఎక్కువగా వచ్చేది ఆ చిన్న చోటు నుంచే. బయటికి పోయేకొద్దీ వేడి తగ్గుతుంది, ఎర్ర కాంతి చాలా పెద్ద మేర నుంచి వస్తుంది. ఇక మధ్యలోని గెలాక్సీలో ఉన్న నక్షత్రాలన్నీ కలిసి, క్వేజార్ ఉన్నంత దూరాన కంటికి కనపడని గీతల అల్లిక ఒకటి పరుస్తాయి. ఆ గీతలను కాస్టిక్‌లు అంటారు, వాటి మీద పడిన చోటి కాంతి మనకు బాగా పెరిగి కనిపిస్తుంది. నక్షత్రాలు, గెలాక్సీ, మనం, అందరం కదులుతూనే ఉంటాం కాబట్టి ఈ అల్లిక డిస్క్ మీదుగా మెల్లగా జరుగుతుంది. గీత లోపలి చోటు మీదకు వచ్చిందనుకో, నీలి కాంతిలో ఎక్కువ భాగం ఒకేసారి పెరుగుతుంది. ఎర్ర కాంతిలో పెరిగేది గీత దగ్గరున్న ముక్క మాత్రమే, మిగతాది మామూలుగానే ఉంటుంది. అందుకే ఆ దారిలో వచ్చిన బింబం ప్రకాశవంతం అవుతూ నీలం వైపు జరుగుతుంది. వామ్స్‌గాన్స్, పచిన్‌స్కీ అనే శాస్త్రవేత్తలు 1991లో ఐన్‌స్టీన్ క్రాస్ అనే క్వేజార్ విషయంలో లెక్క కట్టి చెప్పింది ఇదే.

ఐన్‌స్టీన్ క్రాస్‌కు నువ్వు ఒక్క వాక్యమే ఇచ్చావు. నాకైతే వ్యాసమంతా దాని మీదే నడపాలనిపిస్తుంది. 1985లో హుక్రా బృందం కనిపెట్టిన ఈ క్వేజార్ మనకు నాలుగు బింబాలుగా కనిపిస్తుంది. అడ్డుగా ఉన్న గెలాక్సీ సుమారు 40 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, ఇలాంటి లెన్స్‌లతో పోలిస్తే మనకు బాగా దగ్గర్లో ఉంది. నాలుగు బింబాల కాంతీ ఆ గెలాక్సీ నడిబొడ్డు పక్క నుంచే వస్తుంది, అక్కడ నక్షత్రాలు కిక్కిరిసి ఉంటాయి. ఒక బింబం మాత్రమే పెరగడాన్ని 1989లో ప్రకటించారు.

"మాత్రమే" అన్న మాటను వదలకు. క్వేజార్లు తమంతట తామే మిణుకుతాయి, అలా పెరిగినప్పుడు కూడా సాధారణంగా నీలం వైపే జరుగుతాయి. కాబట్టి ఒక బింబం పెరిగి నీలమైందని చెప్పి ఊరుకుంటే తెలిసినవాళ్లు ఒప్పుకోరు. క్వేజార్ సొంత మార్పు అయితే అన్ని బింబాల్లోనూ కనిపించాలి, కాకపోతే వేర్వేరు సమయాల్లో. ఇలా రెండు బింబాలుగా 1979లో మొట్టమొదట దొరికిన జంట క్వేజార్‌లో ఆ తేడా సుమారు 417 రోజులు. ఒక బింబపు గ్రాఫ్‌ను అంతమేర జరిపి రెండోదానితో పోల్చాక, ఇంకా మిగిలిన తేడాయే మైక్రోలెన్సింగ్, అంటే మధ్యలోని నక్షత్రాలు చేసిన పని. ఐన్‌స్టీన్ క్రాస్‌లో ఈ ఆలస్యం చాలా తక్కువ, ఒకటి రెండు రోజులకు మించదు. అక్కడ టెన్షన్ లేకుండా నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. దారిలో ధూళి కూడా కాంతిని ఎర్రబరుస్తుందనుకో, కానీ ఆ ప్రభావం ఏళ్లు గడిచినా దాదాపు అలాగే ఉంటుంది. దానికి ఒక్క వాక్యం చాలు.

ఇంకొకటి. "టెలిస్కోప్‌లో నక్షత్రం అడ్డు రావడం కనిపించింది" అని రాశావు. ఎవరికీ కనిపించలేదు. ఆ నక్షత్రం వల్ల ఏర్పడే చిన్న బింబాల మధ్య ఎడం ఆర్క్‌సెకండులో (అంటే డిగ్రీలో 3600వ వంతులో) పది లక్షలో వంతు స్థాయిలో ఉంటుంది. మన చేతికి వచ్చేది నెలల తరబడి, ఏళ్ల తరబడి పెట్టుకున్న చుక్కల గ్రాఫే. అందులోంచి డిస్క్ సైజు లాగడమే అసలు కథ. అలా లాగిన సైజులు చాలా వాటిలో మామూలు సిద్ధాంతం చెప్పినదానికంటే కొన్ని రెట్లు పెద్దవిగా తేలాయి. ఎందుకన్నది ఇంకా తెగలేదు. నువ్వు దీన్ని చివరి పేరాలో, అదీ సగం వాక్యంలో తోసేశావు. పైకి తీసుకురా.

ఐన్‌స్టీన్ బాల్యం గురించిన రెండు పేరాలూ తీసెయ్, ఈ వ్యాసానికి వాటి అవసరం లేదు. ఆ చోటు గ్రాఫ్‌కు ఇవ్వు. నీలి ఫిల్టర్ గీత, ఎర్ర ఫిల్టర్ గీత రెండూ ఒకే బొమ్మలో ఉండాలి. తిరగరాశాక పంపు, చూస్తాను.

ఆశీస్సులతో.