కుక్కపిల్ల ఒకటే, ఇంట్లో రూల్స్ మాత్రం నాలుగు

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాట్. మా 6 ఏళ్ల బాబు పోరు పడలేక ఒక ల్యాబ్రడార్ పిల్లని తెచ్చాం. 45 రోజులు నిండాయి, ఇంక ఫర్వాలేదు అని అమ్మినాయన చెప్పాడు. బాల్కనీలో పడుకోబెడితే రాత్రంతా ఏడుపే, పొద్దున్నే పక్క ఫ్లాటువాళ్లు అడుగుతున్నారు. ఇల్లంతా పాస్ పోసేస్తోంది. మావారు స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్ట్ దిగి వచ్చి ఆ తడిలో కాలేశారంటే దాని ముక్కు అందులో రాసి మరీ కేకలేస్తారు. బాబు చేతులు కొరికేస్తోంది. అత్తయ్యగారేమో పూజగది వైపు రానివ్వద్దంటారు, నేను చూడనప్పుడు ఆవిడే పిలిచి బిస్కెట్లు పెడతారు. పైగా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌వాళ్లు కుక్కని లిఫ్ట్ ఎక్కించొద్దు అంటున్నారు. తిరిగి ఇచ్చేద్దామా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అప్పుడే ఇచ్చేయకండమ్మా. మీరు రాసినవాటిలో ఆ పిల్ల చేసిన పనులన్నీ ఏ కుక్కపిల్లయినా చేసేవే. తేడా ఉన్నది ఇంట్లోవాళ్ల మధ్య. ఆయన తిడతారు, ఆవిడ బిస్కెట్ పెడతారు, బాబు పరిగెత్తిస్తాడు, మీరు తుడుస్తారు. ఇంక దానికి ఏం అర్థమవుతుంది చెప్పండి? ఒక పూట నలుగురూ కూర్చుని ఎక్కడ పడుకోవాలి, ఎక్కడ పాస్ పోయాలి, ఏం పెట్టాలి అన్నవి మాట్లాడుకుని ఒక మాట మీదకి రండి. దానికి ట్రైనింగ్ ఇవ్వడం ఆ తర్వాతి సంగతి.

ముందు వయసు గురించి చెప్పాలి. 45 రోజులకే ఇచ్చేయొచ్చన్న మాట మన దగ్గర అమ్మేవాళ్లందరూ చెప్తారు, కానీ కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. ఊరికే పెట్టిన నిబంధన కాదది. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకి నొప్పి పుడుతుందో పిల్ల నేర్చుకునేది తల్లి దగ్గర, తోటి పిల్లలతో ఆడుకునేటప్పుడే, మీ పిల్లకి ఆ చదువు మధ్యలో ఆగిపోయింది కాబట్టి మిగతాది మీరే చెప్పాలి.

రాత్రి ఏడుపు సులువుగానే తగ్గుతుంది. మొన్నటిదాకా తల్లి పక్కన, నలుగురు తోబుట్టువుల మధ్య వెచ్చగా పడుకున్నదాన్ని తెచ్చి బాల్కనీలో వదిలితే ఏడవక ఏం చేస్తుంది! మీ మంచం పక్కనే ఒక అట్టపెట్టెలో పాత చీర వేసి పడుకోబెట్టండి, లేచి కుయ్‌మంటే చెయ్యి కిందకి వేసి తాకండి, చాలు. కొన్నాళ్లు పోయాక పెట్టెని రోజూ కొంచెం కొంచెం దూరం జరపొచ్చు. అమ్మినాయన దగ్గర తల్లి పడుకున్న గుడ్డముక్క ఏదైనా దొరికితే అడిగి తెచ్చుకోండి, ఆ వాసనకి నెమ్మదిస్తుంది. బాల్కనీ అసలు వద్దు. మన ఉక్కపోతలో అక్కడ ఉడికిపోతుంది, గ్రిల్ సందుల భయం ఒకటి.

పాస్ సంగతికొస్తే, రెండు నెలల పిల్ల పగలు మహా అయితే రెండు గంటలు ఆపుకోగలదు. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆడుకున్నాక, ఈ మూడు వేళల్లో ఎవరో ఒకరు దాన్ని ఎత్తుకుని మీరు అనుకున్న చోటికి తీసుకెళ్లాలి. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతోందంటే ఇంక ఆలస్యం చేయకూడదు. పని కాగానే అక్కడే, ఆ క్షణమే మెచ్చుకుని చిన్న ముక్క ఏదైనా పెట్టండి. రాత్రి ఒకటి రెండుసార్లు లేవక తప్పదు, లైట్లేసి ఆటలు పెట్టకుండా పని కానిచ్చి పడుకోబెట్టేయండి. మీవారికి చెప్పండి, ముక్కు రాస్తే అది నేర్చుకునేది ‘ఇక్కడ పోయకూడదు’ అని కాదు, ‘ఈయన ఉండగా పోయకూడదు’ అని. రేపట్నుంచి సోఫా వెనకాల పోస్తుంది, వాసనొచ్చేదాకా మీకు తెలీదు. తుడిచేటప్పుడు కూడా వాసన పూర్తిగా పోవాలి, లేకపోతే మళ్లీ అక్కడికే వస్తుంది. ఫినాయిల్ వేస్తే నేల ఆరేదాకా పిల్లని అటు వదలకండి, పాదాలు నాకుతుంది.

టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద దింపకండి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, తర్వాత 16 వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి, మూడు నెలలు నిండాక రేబిస్. పార్వో అనే వైరస్ జబ్బు కుక్కల మలం పడిన మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. పిల్ల తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, రక్త విరేచనాలైతే తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి. అందుకని ఇప్పటికి బాత్రూమ్‌లో పేపర్లు పరిస్తే సరి, లేదా వేరే కుక్కలు తిరగని మేడ అయితే పొద్దున్నే మేడ మీదకి. మధ్యాహ్నం ఆ స్లాబ్ మీద మనమే కాలు పెట్టలేం.

కొరకడం మాన్పించడానికి చేయాల్సింది బాబే. కొరికితే అరవకుండా, పరిగెత్తకుండా చేయి ముడుచుకుని బొమ్మలా నిలబడమనండి. పరుగు తీస్తే దానికి అదొక ఆట. చేతికి బదులు తాడుబొమ్మ అందించాలి. తినేటప్పుడు, పడుకున్నప్పుడు దాన్ని ముట్టుకోకూడదు. ఈ వయసు కుక్కపిల్లలు రోజులో 18 గంటల పైనే నిద్రపోతాయి, ఆ నిద్ర చెడగొడితే సాయంత్రానికి చిరాకుతో ఇంకా కొరుకుతాయి. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేది సుమారు నాలుగో నెల నుంచి ఆరేడో నెల దాకా, అప్పుడు మీ చెప్పులు కూడా దాచుకోవాలి. ఒక్కటి మాత్రం నవ్వులాట కాదు. పన్ను గీరి చర్మం తెగిందంటే, చిన్న పిల్లే కదా అని వదిలేయకుండా పావుగంట సేపు సబ్బుతో కుళాయి నీళ్ల కింద కడిగి, ఆ రోజే కేజీహెచ్‌లోనో దగ్గర్లో ఉన్న వేరే ఆసుపత్రిలోనో చూపించండి.

అత్తయ్యగారు మీకు మంచి ఆసరా అవుతారు. పూజగది గుమ్మానికి అడ్డంగా చిన్న చెక్క గేటు పెట్టించండి, ఆవిడ మాట నెగ్గుతుంది. బిస్కెట్ ఆవిడ చేత్తోనే పెట్టించండి, కాకపోతే చిన్న ముక్క, అదీ సరైన చోట పాస్ పోశాకే. ప్రసాదం మాత్రం వద్దని మెల్లిగా నచ్చజెప్పండి. చక్కెరపొంగలిలో కిస్‌మిస్ ఉంటుంది, అది కుక్కల కిడ్నీలని పాడుచేస్తుంది. ద్రాక్ష కూడా అంతే. చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి కూడా కుక్కలకి విషమే.

లిఫ్ట్ విషయంలో గొడవకి దిగకండి. పెంపుడు కుక్కల్ని నిషేధించే హక్కు, లిఫ్ట్ వాడొద్దనే హక్కు అసోసియేషన్‌లకి లేవని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం ప్రింటు తీసి ఒకటి సెక్రటరీగారికి ఇవ్వండి. ఇప్పుడెలాగూ చేతుల్లోనే మోస్తారు. పెద్దయ్యాక లిఫ్ట్‌లో పాడుచేస్తే శుభ్రం చేసే బాధ్యత మాత్రం మీదే.

ప్రశ్న: మా కుక్కపిల్లకి రెండు నెలలు. పాలు, సెరెలాక్ పెడుతున్నాం, విరేచనాలు అవుతున్నాయి. పాలు మంచివే కదా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఆవుపాలు, గేదెపాలు చాలా కుక్కలకి అరగవు, ఆపి చూడండి. సెరెలాక్ మనుషుల పసిపిల్లల కోసం చేసింది. కుక్కపిల్లల కోసం చేసిన ఆహారం నీళ్లలో నానబెట్టి రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టండి. మార్చడం కూడా వారం రోజుల్లో మెల్లగా. ఉడికించిన కోడిమాంసం పెట్టొచ్చు, ఉడికిన ఎముక వద్దు, అది సూదుల్లా చీలుతుంది. విరేచనాలు ఆగకపోయినా, నీరసపడినా వెంటనే డాక్టర్‌కి చూపించండి. నులిపురుగుల మందు ఎప్పుడు పట్టించారో గుర్తులేకపోతే అది కూడా అప్పుడే అడగండి.

ప్రశ్న: మూడు నెలల కుక్కపిల్లని ఋషికొండ బీచ్‌కి తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: ఎత్తుకుని తీసుకెళ్లండి, దింపకండి. జనం, బండ్ల చప్పుడు, అలల హోరు ఈ వయసులో అలవాటైతే పెద్దయ్యాక ప్రతిదానికీ బెదరదు. టీకాలన్నీ అయ్యాక, డాక్టర్ సరేనన్నాక ఇసుకలో వదలొచ్చు, అదీ ఎండెక్కకముందే, తాడు చేతిలోనే ఉంచుకుని. మంచినీళ్ల బాటిల్ మర్చిపోవద్దు, దాహానికి ఉప్పునీళ్లు తాగితే వాంతులవుతాయి. పడవలు ఆగే వైపు మాత్రం వెళ్లకండి, చేపముళ్లు, తెగిన గాలాలు ఇసుకలో కనిపించవు.