మధ్యాహ్నం నీరసానికి మందు మధ్యాహ్న భోజనంలోనే ఉండకపోవచ్చు

పొద్దున హుషారుగానే ఉంటుంది, భోజనం అయిన రెండు గంటలకల్లా కళ్లు మూతలు పడతాయి, కాఫీయో తీపో పడితే తప్ప పని సాగదు అన్నారు. ఎనర్జీ రావాలంటే ఏం తినాలి, మల్టీవిటమిన్ మొదలుపెట్టొచ్చా అన్నది మీ ప్రశ్న.

నాకు కొన్నేళ్లు ఇదే తంతు. ఒకే మెయిల్ మూడుసార్లు చదివినా బుర్రకెక్కేది కాదు. చెయ్యి దానంతటదే డ్రాయర్‌లో ఉన్న బిస్కెట్ ప్యాకెట్ మీదకి పోయేది. నాలుగు బిస్కెట్లు పడగానే ప్రాణం లేచొచ్చినట్టుండేది. ఇంటికి బయల్దేరే వేళకి మళ్లీ అదే నీరసం, దానికి తోడు చిరాకు.

అసలు మధ్యాహ్నం కాస్త మగతగా ఉండటం జబ్బేమీ కాదు. ఆ పూట భోజనం మానేసినవాళ్లకీ అది వస్తుంది, ఒంట్లో గడియారం తీరే అంత. తిండి ఆ మగతని పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది. అందుకే దాన్ని పూర్తిగా పోగొట్టాలని కూర్చోకండి, పని ఆగకుండా ఉంటే చాలు.

నా విషయంలో ఎక్కువ తేడా వచ్చింది పొద్దుటి తిండి మార్చాక. అంతకుముందు బ్రెడ్డు, జామ్, చక్కెర వేసిన కాఫీ. పీచూ ప్రోటీనూ లేని ఇలాంటి తిండి త్వరగా గ్లూకోజ్‌గా మారి రక్తంలో చేరుతుంది, దాన్ని సర్దడానికి ఇన్సులిన్ దిగుతుంది. కొందరిలో రెండు మూడు గంటలకి గ్లూకోజ్ మొదట ఉన్నదానికన్నా కిందికి జారుతుంది. ఆకలి, విసుగు, తీపి మీదకి మనసు పోవడం అప్పుడే. అందరికీ ఇలా కాదు. ఒకే తిండి తిన్న ఇద్దరిలో షుగర్ ఒకేలా పెరగదు, కాబట్టి పక్కవాళ్లకి పడింది మీకు పడాలని లేదు.

గ్లూకోజ్‌ని 100గా పెట్టుకుని, తిన్నాక రక్తంలో షుగర్‌ని ఎంత పెంచుతాయో చూసి పిండిపదార్థాలకి మార్కులేసే గ్లైసీమిక్ ఇండెక్స్ ఒకటుంది. టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో తెచ్చింది. ఆ పట్టిక ఫోన్‌లో పెట్టుకుని కొన్నాళ్లు తిరిగాను, పెద్దగా ఒరిగిందేమీ లేదు. అది ఒక్కో పదార్థాన్ని విడిగా కొలుస్తుంది. కంచంలో ఏదీ విడిగా ఉండదు కదా! పక్కన గుడ్డో పప్పుధాన్యమో కూరగాయలో ఉంటే అదే పిండిపదార్థం నెమ్మదిగా అరుగుతుంది. నాకు పనికొచ్చినవి చాలా మామూలు సంగతులు. పొద్దున గుడ్లో మొలకెత్తిన గింజలో తప్పకుండా ఉండేలా చూసుకోవడం, జ్యూస్ మానేసి పండు తినడం, భోజనంలో కూరగాయలూ ప్రోటీనూ ముందు తిని పిండిపదార్థం చివరికి ఉంచుకోవడం. తిన్నాక ఓ పది నిమిషాలు నడుస్తాను. నడిచేటప్పుడు కండరాలు గ్లూకోజ్‌ని వాడేసుకుంటాయి కాబట్టి షుగర్ మరీ ఎగబాకదు. నీళ్లు సరిగా తాగకపోయినా తలనొప్పి, మాంద్యం వస్తాయి, అదీ ఒకసారి చూసుకోండి.

కాఫీ సంగతి వేరు. అలసట కబురు మెదడుకి అందించే అడెనోసిన్‌కి కెఫీన్ అడ్డుపడుతుంది. అలసట తీరదు, తెలియకుండా పోతుంది, అంతే. తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగింటికి తాగిన కాఫీ రాత్రి తొమ్మిదింటికి సగం ఒంట్లోనే ఉంటుందన్న మాట. నిద్ర పలచబడుతుంది, మర్నాడు మధ్యాహ్నం ఇంకా ఎక్కువ నీరసం, ఇంకో కాఫీ. నేను కాఫీ మానలేదు, మానను కూడా. రెండో కప్పుని భోజనానికి ముందుకి జరిపాను.

ఇవన్నీ చేశాక మధ్యాహ్నాలు బాగుపడ్డాయి గానీ మెట్లెక్కితే ఆయాసం మాత్రం పోలేదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ నార్మల్, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ మాత్రం బాగా తక్కువ. అంటే రక్తహీనత ఇంకా రాలేదు, ఐరన్ నిల్వలు అడుగంటుతున్నాయి. రిపోర్టు చూసి డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "కాఫీ, టీ భోజనంతో పాటే తాగుతారా?" అని. వాటిలోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు శాకాహారంలోని ఐరన్‌ని ఒంటికి సరిగా పట్టనివ్వవు. కనీసం గంట ఎడం ఇవ్వమన్నారు. నిమ్మ, నారింజ, జామ లాంటి విటమిన్ సి ఉన్నవి భోజనంతో తింటే ఐరన్ బాగా పడుతుంది. ఎంత మంచి తిండి తిన్నా తగ్గని నీరసాన్ని తిండి మీదకే నెట్టకూడదని నాకు అర్థమైంది అక్కడే. బి12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా, షుగర్ ఉన్నా చాలామందిలో కనిపించేది ఈ నీరసమే. మాంసం, గుడ్లు, పాలు ఏవీ ముట్టనివాళ్లకి బి12 మామూలు తిండిలో దొరకదు. కాళ్లూ చేతులూ తిమ్మిర్లు పడుతుంటే ఆలస్యం చేయొద్దు.

మనసు దిగాలుగా ఉంటోందని కూడా రాశారు. తిండికీ దానికీ సంబంధం లేదనలేం. ఆస్ట్రేలియాలో 67 మంది డిప్రెషన్ రోగులతో చేసిన ఒక పరీక్ష 2017లో వెలువడింది. 12 వారాల తర్వాత, ఆహారం మార్చుకోవడంలో సాయం అందినవాళ్లలో 32 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. కబుర్లూ కాలక్షేపంతో తోడుగా ఉన్న రెండో బృందంలో 8 శాతమే. చిన్న పరీక్ష, పైగా వాళ్లలో చాలామంది మందులో థెరపీయో కూడా తీసుకుంటున్నారు. కాబట్టి ఇది చూసి వాడుతున్న మందులు ఆపేయకండి.

ఇక మల్టీవిటమిన్. పరీక్షలు చేయించుకునేదాకా మొదలుపెట్టకండి. అందులోని బి12 వల్ల రిపోర్టు బాగానే కనిపించి అసలు లోపం దాక్కోవచ్చు. జుట్టు కోసమని అమ్మే వాటిలో బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ మోతాదులో ఉంటే థైరాయిడ్ రిపోర్టు కూడా తారుమారవుతుంది. ఇప్పటికే వాడుతుంటే ల్యాబ్‌లోనూ డాక్టరుకీ చెప్పండి. మొదటి విడతకి సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్, బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) గురించి డాక్టరుని అడగండి. జ్వరమో ఇన్ఫెక్షనో ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించొచ్చు, ఆ జబ్బు తగ్గాకే పరీక్షకి రక్తం ఇవ్వండి.